ఫ్లికర్స్ (1980) మళ్ళీ చూశాక: ఇది సినిమా కథా, పెళ్ళి కథా?

నిశ్శబ్దయుగం:
సభ్యులకు నమస్కారం. ఏటీవీ సంస్థ నిర్మించగా బ్రిటన్‌లో ఐటీవీ 1980లో ప్రసారం చేసిన "ఫ్లికర్స్" అనే ఆరు భాగాల ధారావాహికను నేను మొదటిసారి 1982లో చూశాను. అప్పుడు అమెరికాలో చదువుకుంటున్నాను, పీబీఎస్ వారి మాస్టర్‌పీస్ థియేటర్‌లో వచ్చింది. గత నెల డీవీడీ దొరికితే మూడు రాత్రుల్లో మళ్ళీ పూర్తి చేశాను. రచన రాయ్ క్లార్క్, దర్శకత్వం సిరిల్ కోక్.

చూడనివారి కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. ఆర్నీ కోల్ (బాబ్ హాస్కిన్స్) బ్రిటన్‌లో మూకీ సినిమాల తొలిరోజుల్లో జనానికి బొమ్మలు చూపించి పొట్ట పోసుకునే చిన్నపాటి ప్రదర్శకుడు. ఎవరో తీసినవి చూపించడం కాక తానే తీయాలన్నది అతని పట్టుదల, చేతిలో మాత్రం చిల్లిగవ్వ లేదు. మాడ్ (ఫ్రాన్సెస్ డె లా టూర్) డబ్బున్న పెద్దింటి మనిషి. పెళ్ళి కాకుండానే గర్భవతి అయింది. ఆమెకు పుట్టబోయే బిడ్డకు తండ్రి పేరు కావాలి, అతనికి పెట్టుబడి కావాలి. ఇద్దరూ కూర్చొని బేరమాడుకున్నట్టుగా పెళ్ళి చేసుకుంటారు. ఆ తరవాతంతా కీచులాటలు, లెక్కలు, వాటి మధ్య నుంచి తమకే తెలియకుండా పుట్టుకొచ్చే ఆపేక్ష.

అప్పట్లో నేను దీన్ని ప్రేమకథగా, సినిమా వ్యాపారాన్ని దాని వెనుక కట్టిన రంగుల తెరగా చూశాను. ఇప్పుడు చూస్తే సరిగ్గా తలకిందులుగా అనిపిస్తోంది. బ్రిటన్‌లో తొలినాటి సినిమా సంతల్లో గుడారాలు వేసుకునే మనుషుల చేతుల్లో పెరిగింది, అది నిలదొక్కుకోవడానికి కావలసిన డబ్బేమో వారిని గుమ్మంలోకి కూడా రానివ్వని ఇళ్ళలో ఉంది. ఆ రెండింటికీ కుదిరిన ఇబ్బందికరమైన పొత్తును ఒక కాపురంలో పెట్టి చూపించాడు క్లార్క్ అని నాకు తోచింది. మీరేమంటారు?

తెరవెనుక:
నిశ్శబ్దయుగం గారూ, మీరు ధారావాహికలో ఉన్నదానికన్నా ఎక్కువ చదువుతున్నారని నా అనుమానం. నేను ఎంతో ఆశతో మొదలుపెట్టాను. 1895లో ఆర్.డబ్ల్యు. పాల్, బర్ట్ ఏకర్స్ కలిసి కెమెరా తయారు చేసుకున్న దేశమది. బ్రైటన్ పక్కన హోవ్‌లో జి.ఎ. స్మిత్, జేమ్స్ విలియమ్సన్ దగ్గరి షాటునూ దూరపు షాటునూ కలిపి కథ చెప్పడం ఎలాగో కనిపెడుతూ వచ్చిన దేశమది. ఆ ఉత్సాహం, ఆ తడుములాట కనిపిస్తాయనుకుంటే నాకు దొరికింది మొగుడూ పెళ్ళాల మాటకు మాట. ఆ మాటలు బాగున్నాయి, కాదనను. కానీ కెమెరా స్థానంలో కుట్టుమిషను పెట్టినా, సబ్బుల వ్యాపారం పెట్టినా ఈ కథకు వచ్చే నష్టమేమిటి?

పైగా క్లార్క్ జీవితమంతా ఇదే జంటను రాశాడు. 1973 నుంచి 2010 దాకా ఒక్కడే రాసిన "లాస్ట్ ఆఫ్ ది సమ్మర్ వైన్" కానీయండి, పిసినారి కొట్టువాడి కథ "ఓపెన్ ఆల్ అవర్స్" కానీయండి, ఆయన మగవాళ్ళు మాటలతో కోటలు కడుతుంటారు, ఆడవాళ్ళు ఆ కోటల అద్దె లెక్క అడుగుతుంటారు. ఇంకొక మాట, మనవాళ్ళకు ఇందులో వింతేమీ కనబడదు. కట్నం డబ్బుతో వ్యాపారం పెట్టిన అల్లుడి కథే కదా ఇది!

కార్బన్‌కడ్డీ:
అయ్యా, నేను 1971 నుంచి పదమూడేళ్ళు ఏలూరు చుట్టుపక్కల టూరింగ్ టాకీసుల్లో ఆపరేటరుగా పనిచేశాను. మా అబ్బాయి పంపిన డీవీడీలో ఇది చూశాను. కుట్టుమిషను పెట్టినా సరిపోతుందన్న మాటకు మాత్రం అడ్డుపడక తప్పదు.

పేరు దగ్గరే చూడండి. ఆ రోజుల్లో సెకనుకు సుమారు పదహారు బొమ్మలు తెర మీద పడేవి. బొమ్మకూ బొమ్మకూ నడుమ షట్టరు, అంటే వెలుగును ఆపే తిరుగుడు రెక్క, అడ్డం పడినప్పుడల్లా తెర చీకటై వెలుగు రెపరెపలాడేది. ఆ రెపరెపను బట్టే జనం సినిమాకు ఫ్లికర్స్ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. తరవాత మూడు రెక్కల షట్టరు వచ్చి ఒక్కొక్క బొమ్మనూ మూడుసార్లు చూపించేసరికి రెపరెప సెకనుకు నలభై ఎనిమిది సార్లయి కంటికి ఆనడం దాదాపు మానేసింది. రెక్క ఒక్కటే ఉన్న పాత యంత్రంతో ఆట నడిపే చిన్న ప్రదర్శకుడికి ఈ తేడా టిక్కెట్ల మీద తెలుస్తుంది.

ఇక కెమెరా హ్యాండిలు. ఒక చుట్టుకు ఎనిమిది బొమ్మలు, సెకనుకు రెండు చుట్లు. మనసులో ఏదో పాట పాడుకుంటూ లయ తప్పకుండా తిప్పాలి. ప్రొజెక్టరుకూ హ్యాండిలే ఉండేది. ఆ వేగంతో వెయ్యి అడుగుల రీలు పదహారున్నర నిమిషాలకు పైనే నడవాలి. కానీ బయట రెండో ఆటకు జనం మూగుతుంటే ప్రదర్శకుడు చేయి విసురుగా తిప్పేవాడు, పదమూడు నిమిషాల్లో రీలు అయిపోయేది, శవయాత్ర కూడా పరుగుపందెంలా కనబడేది. ఆర్నీలాంటి మనిషి బుద్ధి నాకు అక్కడ తెలుస్తుంది. వాడు అబద్ధాలకోరు కాడు, బయట నిలబడ్డ జనాన్ని లెక్కపెట్టుకునే మనిషి. మా యజమాని కూడా అంతే. ఆఖరి బస్సు వేళకు ఆట వదలాలని ఒక పాట ఉన్న రీలు ముక్క తీసి పక్కన పెట్టమన్న రోజులున్నాయి.

చట్టంపుస్తకం:
కట్నం ప్రస్తావన వచ్చింది కాబట్టి న్యాయశాస్త్రం చదువుకున్నవాడిగా ఒక్క సంగతి చెప్పాలి. ఈ కథ కట్నం కథ కాదు. అసలు హాస్యమంతా కాకపోవడంలోనే ఉంది.

ఇంగ్లండులో పాత సంప్రదాయ చట్టం ప్రకారం పెళ్ళి కాగానే భార్య చరాస్తి భర్త పరమయ్యేది. 1882 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం దాన్ని మార్చివేసింది. ఆ తరవాత పెళ్ళాడిన స్త్రీ తన ఆస్తిని తన పేరనే ఉంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు, వ్యాపారంలో పెట్టుకోవచ్చు. అంటే పెళ్ళయినంత మాత్రాన మాడ్ డబ్బు ఆర్నీ జేబులోకి రాదు. ప్రతి పౌనుకూ అతను ఆమెను ఒప్పించుకోవాలి. మన దగ్గర కట్నం ఒకసారి చేతులు మారితే ఇక ఇచ్చినవాడిని ఎవరూ అడగరు. ఇక్కడ అడగడం ఆరు భాగాలూ సాగుతూనే ఉంటుంది.

ఆమె వైపు తొందర కూడా చట్టం తెచ్చిందే. తల్లిదండ్రులు తరవాత పెళ్ళి చేసుకుంటే అంతకుముందు పుట్టిన బిడ్డ చట్టబద్ధమైన సంతానం కావచ్చుననే వెసులుబాటు ఇంగ్లండులో 1926లో గానీ రాలేదు. అంతకుముందు పెళ్ళికి ఒక్క రోజు ముందు పుట్టినా ఆ ముద్ర చెరిగేది కాదు. పెళ్ళయ్యాక పుట్టిన బిడ్డను మాత్రం భర్త సంతానంగానే చట్టం భావించేది. కాబట్టి మాడ్‌కు కావలసింది ప్రేమికుడు కాదు, తేదీ. అతను తేదీ ఇచ్చాడు, ఆమె పెట్టుబడి ఇచ్చింది. క్లార్క్ ఈ చట్టాల పేర్లు ఎత్తాడని నేను అనడం లేదు, ఆ కాలపు మనుషులకు వాటి పేర్లు చెప్పవలసిన పనే లేదు.

తెరవెనుక:
చట్టంపుస్తకం గారూ, కట్నం మాట ఉపసంహరించుకుంటున్నాను. మీరు చెప్పినది చదివాక హాస్కిన్స్ రెండేళ్ళ ముందు చేసిన పాత్ర గుర్తుకొచ్చింది. 1978లో బీబీసీలో వచ్చిన "పెన్నీస్ ఫ్రమ్ హెవెన్"లో అతను పాటల కాగితాలు అమ్ముకునే ఆర్థర్ పార్కర్. అక్కడా భార్యకు పుట్టింటి నుంచి వచ్చిన డబ్బు మీదే అతని కన్ను, అక్కడా ఆమె సులభంగా ఇవ్వదు. అది ఉరికంబం దాకా పోతుంది, ఇది నవ్వుల్లో తేలుతుంది. ఒకే నటుడు, పాటలు అమ్మినా బొమ్మలు అమ్మినా అదే ఆకలి, అదే నోరు. ఈ రెండో దానిలో అతను నాకు ఎక్కువ నచ్చాడు, ఎందుకంటే ఇక్కడ అతనికి తన అబద్ధాలను గుర్తుపట్టి కూడా వినే మనిషి దొరికింది.

అయినా నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. సినిమా ఎందుకు?

యార్క్‌షైర్‌వాణి:
సినిమా ఎందుకో నేను చెబుతాను, ఎందుకంటే తొలినాటి బ్రిటిష్ సినిమా నిజంగానే కుటుంబ వ్యాపారం, దాంట్లో భార్యలున్నారు.

సెసిల్ హెప్‌వర్త్ వాల్టన్-ఆన్-థేమ్స్‌లో 1905లో తీసిన "రెస్క్యూడ్ బై రోవర్" సంగతి తీసుకోండి. ఎత్తుకుపోయిన పసిబిడ్డను పెంపుడు కుక్క వెతికి, యజమానిని వెంటబెట్టుకొని వెళ్ళి తెప్పించే ఆరేడు నిమిషాల బొమ్మ. కథ రాసింది హెప్‌వర్త్ భార్య మార్గరెట్. తెర మీద తల్లిగా ఏడ్చిందీ ఆమే, తండ్రి హెప్‌వర్త్, బిడ్డ వాళ్ళ బిడ్డ, కుక్క వాళ్ళ కుక్క. ఖర్చు మొత్తం 7 పౌండ్ల 13 షిల్లింగుల 9 పెన్నీలు. ప్రతులు సుమారు నాలుగు వందలు అమ్ముడుపోయాయి. ప్రతులు తీసీ తీసీ నెగెటివ్ అరిగిపోతే, ఆ బొమ్మను మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ తీశారు, అదీ అరిగితే మూడోసారి తీశారు. హోవ్‌లో జి.ఎ. స్మిత్ భార్య లారా బేలీ రంగస్థల హాస్యనటి, ఆయన బొమ్మల్లో ముఖకవళికలతో నవ్వించింది చాలావరకు ఆవిడే. విలియమ్సన్ కూడా ఇంటిల్లిపాదినీ కెమెరా ముందు నిలబెట్టినవాడే.

చరిత్ర పుస్తకాల్లో ఈ ఆడవాళ్ళు ఒక్కొక్క వాక్యంలో దాటిపోతారు. మాడ్ అలా దాటిపోదు. ఫ్రాన్సెస్ డె లా టూర్ ఆమెను సాగదీసిన గొంతుతో, ఎక్కడా తొందరపడకుండా, అవమానాన్ని కూడా ఒక వస్తువులా పక్కకు జరిపేసే తీరులో నిలబెట్టింది. ఆవిడ పొడగరి, హాస్కిన్స్ పొట్టి, గుమ్మటంలాంటి మనిషి. ఇద్దరూ ఒక గదిలో ఉంటే అతను తల ఎత్తి వాదించాలి, ఆవిడ కళ్ళు దించి వినాలి. వర్గభేదం గురించి అంతకన్నా సంభాషణ రాయనక్కరలేదు. పదేళ్ళ తరవాత అదే రచయిత "కీపింగ్ అప్ అపియరెన్సెస్"లో పెద్దింటి పోకడల కోసం పాకులాడే ఆవిడను చూపించి నవ్వించాడు, మాడ్ మాత్రం ఆ పెద్దింటి నుంచి ఇష్టపడి దిగివచ్చిన మనిషి, అది రాయడం ఎక్కువ కష్టం.

మచిలీబందరు:
వాణి గారు చెప్పినది చదువుతూ మా ఊరివాడిని తలుచుకోకుండా ఉండలేకపోయాను. విషయం పక్కకు మళ్ళించడం లేదు, దీనికి నిజమైన లంకె ఉంది.

మచిలీపట్నంలో 1869లో పుట్టిన రఘుపతి వెంకయ్య నాయుడు మద్రాసులో ఫోటోగ్రాఫరు. గ్రామఫోను పలకనూ బొమ్మనూ జతపరచి నడిపే గోమాంట్ వారి క్రోనోమెగాఫోను కొని, విక్టోరియా పబ్లిక్ హాలులో ఆటలు వేసి, ఆపైన గుడారంతో ఊళ్ళు తిరిగాడు. తరవాత మద్రాసులో గెయిటీ థియేటరు కట్టాడు. గుడారం నుంచి హాలు, హాలు నుంచి సొంత బొమ్మ: ఆర్నీ కోరుకున్న మెట్లే. బొమ్మ తీయడానికి ఆయన తన కొడుకు ప్రకాశ్‌ను ఇంగ్లండు పంపాడు, అక్కడ అతను పని నేర్చుకున్నది లండన్ శివార్లలోని ఈలింగ్‌లో విల్ బార్కర్ స్టూడియోలో. తిరిగి వచ్చి తండ్రీకొడుకులు "భీష్మ ప్రతిజ్ఞ" మూకీ తీశారు. అంటే ఈ ధారావాహిక చూపే లోకంలోకి ఒక తెలుగు కుర్రవాడు నడిచి వెళ్ళి పని నేర్చుకు వచ్చాడన్నమాట. ఇంకో ముచ్చట: ఇది ప్రసారమైన 1980లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రఘుపతి వెంకయ్య పేరిట అవార్డు మొదలుపెట్టి, తొలిసారి ఎల్.వి. ప్రసాద్ గారికి ఇచ్చింది.

తెరవెనుక:
బార్కర్ పేరు ఎత్తారు కాబట్టి నా వాదన అక్కడి నుంచే ఎత్తుకుంటాను. ఈలింగ్‌లో బార్కర్ 1913లో విక్టోరియా రాణి మీద "సిక్స్టీ ఇయర్స్ ఎ క్వీన్" తీసేనాటికి ఖర్చు వేల పౌండ్లకు చేరింది. ఏడు పౌండ్లతో ఇంటిల్లిపాదీ కలిసి తీసిన రోవర్‌కూ దీనికీ మధ్య గడిచింది ఎనిమిదేళ్ళే. ఈ ఎనిమిదేళ్ళలో మనిషి ఎంత నోరున్నవాడైనా తన జేబుతో బొమ్మ తీసే రోజు పోయింది. ఇప్పుడు నా ప్రశ్నకు నాకే జవాబు దొరుకుతున్నట్టుంది. కుట్టుమిషను వ్యాపారంలో ఇంత వేగంగా పెట్టుబడి పెరగలేదు కాబట్టి ఆర్నీ కుట్టుమిషనులు అమ్మితే మాడ్ అవసరం అంతగా పడేది కాదు. ఒప్పుకుంటున్నాను, సగం మాత్రమే. ఆ వేగం తెర మీద ఇంకా కనబడాల్సింది.

కార్బన్‌కడ్డీ:
ప్రదర్శకుడు నిర్మాత ఎందుకు కావాలనుకుంటాడో నా అనుభవం నుంచి ఒకటి కలుపుతాను. మొదటి రోజుల్లో బొమ్మను అద్దెకు ఇచ్చేవారు కాదు, అడుగుల లెక్కన అమ్మేవారు. కొన్నవాడు అది పీలికలయ్యేదాకా ఆడించేవాడు. ఫిల్ము తెగిన ప్రతిసారీ ఏం జరుగుతుందంటే, తెగిన చివరను కత్తిరించి సమంగా చేసి, బ్లేడుతో పైపొరను గీకి, సిమెంటు ఒక్క బొట్టు రాసి, రెండో చివరను దాని మీద పరిచి, బొటనవేలితో ఒత్తిపట్టి ఇరవై లెక్కపెట్టాలి. ఆ సిమెంటు వాసన రాత్రి అన్నం తినేటప్పుడు కూడా వేళ్ళకు ఉండేది. ప్రతి అతుకుకూ ఒకటి రెండు బొమ్మలు పోతాయి. వంద అతుకులు పడిన ప్రతిలో మనిషి తలుపు తీయకుండానే లోపల ప్రత్యక్షమవుతాడు. జనం ఈలలు వేస్తారు, డబ్బు వాపసు అడుగుతారు, తిట్లు తినేది మాత్రం తీసినవాడు కాదు, చూపించినవాడు. అలా పదేళ్ళు తిట్లు తిన్నవాడికి నేనే తీస్తే పోలా అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

దాని మీద బ్రిటన్‌లో 1910 జనవరి నుంచి సినిమాటోగ్రాఫ్ చట్టం అమలులోకి వచ్చింది. అప్పటి నైట్రేటు ఫిల్ము అంటుకుంటే నీళ్ళకు ఆరదు. అందుకని ప్రొజెక్టరును జనానికి దూరంగా నిప్పుకు తట్టుకునే గదిలో పెట్టాలనీ, ఆట వేసే చోటుకు లైసెన్సు ఉండాలనీ కట్టడి చేశారు. సంతలో గుడ్డ డేరా వేసుకున్నవాడికి ఇది భరించలేని ఖర్చు. పక్కా హాలు కట్టగలిగినవాడు మిగిలాడు.

యార్క్‌షైర్‌వాణి:
కడ్డీ గారూ, మీ మాటకు తోడుగా ఒకటి చెబుతాను. బ్లాక్‌బర్న్‌లో మిచెల్, కెన్యన్ అనే ఇద్దరు వ్యాపారులుండేవారు. సంత ప్రదర్శకులు పురమాయిస్తే వీళ్ళు వెళ్ళి మిల్లు గేటు దగ్గర కెమెరా పెట్టి, పని దిగి వచ్చే కూలీలను తీసేవారు. తెర మీద తమను తాము చూసుకోవడానికి ఆ కూలీలే టిక్కెట్టు కొనేవారు. 1994లో ఆ ఊళ్ళో ఒక పాత దుకాణం నేలమాళిగలో పీపాల్లో ఎనిమిది వందలకు పైగా నెగెటివులు దొరికాయి, బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వారు వాటిని బాగు చేశారు. క్లార్క్ ఇది రాసిన నాటికి అవి ఇంకా ఆ పీపాల్లోనే ఉన్నాయి. నేను వాటిలో కొన్ని చూశాను. శాలువాలు కప్పుకున్న ఆడపిల్లలు కెమెరా దగ్గరికి రాగానే నడక నెమ్మది చేసి నవ్వుతారు, వెనుక నుంచి టోపీ పెట్టుకున్న ఒకాయన చేతులు ఊపుతూ జనాన్ని ఇటు తోలుతుంటాడు. ఆయనే ప్రదర్శకుడు. నాకు ఆయన అచ్చం హాస్కిన్స్‌లా కనబడ్డాడు.

నిశ్శబ్దయుగం:
ఇంతమంది ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు, ధన్యవాదాలు. తెరవెనుక గారి మిగతా సగానికి నా జవాబు ఇది. ఈ ధారావాహికలో సినిమా తీయడం కన్నా సినిమా తీయడానికి కావలసిన మాటలే ఎక్కువ ఉన్నాయన్నది నిజం. అది లోపమేనని ఇప్పుడు నేనూ ఒప్పుకుంటాను. మూకీల గురించిన కథలో ఇంత మాటకారితనం ఉండటం మొదటిసారి నాకు సరదాగా అనిపించింది, రెండోసారి రెండు చోట్ల విసుగనిపించింది. కానీ చివరి భాగాల్లో ఆర్నీ ఆశలను చూస్తున్నప్పుడు చూసేవారికి తెలిసిన చరిత్ర ఒకటి వెనుక నడుస్తుంటుంది. 1914లో బ్రిటన్ తెరల మీద ఆడిన వాటిలో నాలుగోవంతు స్వదేశీ బొమ్మలైతే, 1926కు అది నూటికి ఐదుకు పడిపోయింది, మిగతాది చాలావరకు అమెరికాది. ఆ మరుసటి ఏడాది హాళ్ళలో ఇన్ని స్వదేశీ బొమ్మలు ఆడి తీరాలని చట్టమే చేయవలసి వచ్చింది. హెప్‌వర్త్ అంతటివాడే 1924లో దివాలా తీస్తే, అప్పులు తీర్చడానికి ఆస్తులు అమ్మే రిసీవరు ఆయన నెగెటివులను, ఆ ఫిల్ము పూతలోని వెండి కోసం, కరిగించేశాడు. మాడ్ లెక్కల పుస్తకం తెరిచినప్పుడల్లా నాకు ఆ కరిగిన వెండి గుర్తుకొచ్చింది, ఆవిడ జాగ్రత్త మీద గౌరవం పెరిగింది.

తెరవెనుక:
అది ధారావాహిక గొప్పతనం కాదు, మీ చదువు గొప్పతనం. అయినా నాలుగో భాగం నుంచి మళ్ళీ చూస్తాను. ఆర్నీ లండన్ యాస నాకు సగం అందలేదు, ఉపశీర్షికలున్న డీవీడీ ఏదైనా ఉందా?

కార్బన్‌కడ్డీ:
నా దగ్గరున్న దాంట్లో ఉన్నాయి బాబూ. కానీ మొదటి భాగం ఉపశీర్షికలు లేకుండా ఒకసారి చూడండి. వాడి మాటలు అర్థం కాకపోయినా ఏం అమ్ముతున్నాడో నాకు తెలిసిపోయింది.